సినిమా లేని టైటిల్స్

జీడిపిక్కలు కాల్చే పొగ ఈ ఉదయం కిటికీలోంచి వచ్చి గొంతు పట్టుకుంది. పలాసలో ఉండేవాళ్లకు అది కొత్త కాదు. అయినా లేచి కిటికీ మూశాను, మళ్లీ తెరిచాను, మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తెర మీద తొంభై సెకన్ల టైటిల్స్. మనుషులు లేరు, కథ లేదు. ఆకారాలూ వెలుగూ కదులుతుంటాయి, అంతే. వాటి వెనక సినిమా కూడా లేదు. ఎవరూ అడగని ఈ పని ఏడాదిగా చేస్తున్నాను. ఇలాంటి పిచ్చి ఒకటుంటుందని నాకు చూపించింది రత్నకుమారి అక్క.

టెక్కలిలో అక్కకు పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే చిన్న గది ఉండేది. డిగ్రీ అయ్యాక బారువ నుంచి రోజూ బస్సులో వెళ్లి ఆమె దగ్గర పని నేర్చుకున్నాను. నేను చేసిన మొదటి టైటిల్స్‌లో గులాబీలు ఎగిరాయి, నక్షత్రాలు రాలాయి. అక్క కళ్లద్దాలు సర్దుకుని చూసింది.

"ఏటే ఇదంతా? పెళ్లికూతురి పేరేదీ?"

"ఆకర్న వత్తాదక్కా."

"అప్పటికి సూసేవోలు టీకి లేచెల్లిపోతారు. తీసెయ్."

తనకోసం మాత్రం ఆమె వేరే రకం టైటిల్స్ చేసుకునేది. ఖాళీ దొరికిన మధ్యాహ్నాల్లో నౌపడ వెళ్లి, ఉప్పుమళ్లలో నీరు ఇగిరి తెల్లటి గీతలు కట్టడాన్ని వంగి కెమెరాతో దగ్గరగా తీసేది. ఒకసారి నన్నూ తీసుకెళ్లింది. ఎండకు నిలవలేక అడిగాను.

"ఇది ఏ సినిమాకక్కా?"

"సినిమా నేదు."

"మరి టైటిల్స్ ఎందుకు?"

"ఏదో మొదలవబోతందని గుండె కొట్టుకోవాల. నాకంతే సాలు."

ఆ మాట నాకు సరిగ్గా అర్థం కాలేదు. ఆ దృశ్యాలు మాత్రం నన్ను నిలవనివ్వలేదు. అక్క ఊళ్లో లేని రోజు వాటిలో కొంత తీసి ఒక పెళ్లి వీడియోకి పెట్టేశాను. పెళ్లివారు మురిసిపోయి, అక్క ఎదుటే నన్ను మెచ్చుకున్నారు. ఆమె వాళ్లను గుమ్మందాకా సాగనంపింది. వాళ్లు వెళ్లాక కుర్చీ నావైపు తిప్పింది.

"అడిగుంటే ఇచ్చేద్దును కదే."

తిట్టినా బాగుండేది. తప్పయిందని చెప్పడానికి నోరు రాలేదు. నెల తిరక్కుండా పని మానేశాను.

ఆ తరవాత పలాసలో సొంతంగా పని మొదలుపెట్టాను. నాలుగేళ్లకు, ఆమె మంచాన పడిందని విని టెక్కలి వెళ్లాను. ఆనాడు చెప్పాల్సిన మాట అప్పుడు చెప్పాను. తన టైటిల్స్ పూర్తి కాలేదంది.

"ఆ ఉప్పుమళ్ల షాట్లు ఇయ్యక్కా, నేను పూర్తి సేత్తాను."

అక్క నీరసంగా నవ్వింది.

"అడిగావు, సంతోసం. ఇవ్వను. మీ బారువలో సముద్రం నేదేటి? నీది నువ్వు తీసుకో."

పోయిన వానాకాలంలో ఆమె చనిపోయింది.

బారువ ఒడ్డున ఆరేసిన వలల నీడలు, ఇసుక మీద పడవలు ఈడ్చిన చారలు తీస్తూనే ఉన్నాను. బాగా కుదిరిన ప్రతి ముక్క దగ్గరా ఆగిపోతాను. ఇది నాదేనా? ఆ ప్రశ్న నన్ను కుదురుగా కూర్చోనివ్వదు. నిన్న పన్నెండు సెకన్లు కోసేశాను. అందరికీ నచ్చే ముక్కే అది. కానీ అందులోని చూపు అక్కది.