అలీజే కడుపులో అమ్మ కత్తి

వారానికి మూడు రోజులు పలాసలో నన్ను ఒక కుర్చీకి కట్టేస్తారు. తాళ్ళతో కాదు. ఎడమచేతికి రెండు సూదులు గుచ్చి, ఒంట్లో రక్తాన్ని మెషీన్లోకి లాగి, కడిగి మళ్ళీ ఒంట్లోకే పంపుతారు. నాలుగు గంటలు. అంతసేపూ ఆ చెయ్యి కదపకూడదు, లేవకూడదు, దాహమేస్తే గుక్కెడు నీళ్ళకి కూడా లెక్క చెప్పాలి. ఉద్దానంలో పుట్టి కిడ్నీలు పోగొట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాదు కాబట్టి దానికోసం ఏడవను. నా ఏడుపు వేరే ఉంది.

పక్క కుర్చీలో మూలపేట ఆయన ఉంటాడు. వాళ్ళ ఊళ్ళో కడుతున్న పోర్టు గురించి మాట్లాడకుండా ఒక్క పూట ఉండలేడు. పోయిన బుధవారం పెద్ద పెద్ద ఓడలొస్తాయని చెప్పి చెప్పి, నావైపు తిరిగాడు. "బావా, నువ్వు నేవీల సేసినావు గదా. ఏ ఓడ నడిపినావేటి?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. నేవీ అంటే చాలు, అందరికీ ఓడే కనిపిస్తుంది. "ఓడ నడపనేదు బావా. ఇమానాలు బాగుసేసినాను," అన్నాను.

"నేవీల ఇమానాలేటి!" అని ఆయన పకపకా నవ్వాడు.

నా కాళ్ళ దగ్గర స్టూలు మీద మా ఆవిడ కూర్చుని యాపిల్ ముక్కలు కోస్తోంది. మా మేనమావ కూతురే, చిన్నప్పట్నుంచీ నన్ను నువ్వనే అంటుంది. "అడక్కు అన్నయ్యా. ఆ ఇమానం నాకు సవితి. దానికోసం మా పెళ్ళి రెండుసార్లు ఆపీసినాడు," అంది.

నలభై ఏళ్ళుగా ఈ మాట పదిమందిలో అంటూనే ఉంది. నలభై ఏళ్ళుగా నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకునే ఉన్నాను. ఆ పూట మాత్రం ఆమె చేతిలో కత్తి మీద నా చూపు ఆగిపోయింది. వేలెడంత కత్తి, అరిగి అరిగి ఆకులా పలచనైపోయింది. అది మా అమ్మది.

ఆ విమానం పేరు అలీజే. ఫ్రాన్సువాళ్ళు తయారుచేశారు. సముద్రం మీద ఎప్పుడూ ఒకే దిక్కునుంచి వీచే గాలిని వాళ్ళ భాషలో అలా అంటారట. నీళ్ళ అడుగున దాక్కున్న జలాంతర్గామిని పైనుంచి వెతికి పట్టుకోవడం దాని పని. ఓడ మీదనుంచి లేవాలి, మళ్ళీ ఓడ మీదే దిగాలి. మొదట దాన్ని వేరే పనికి గీశారని మాకు క్లాసులో చెప్పారు. ముక్కున ప్రొపెల్లర్ ఇంజను, తోకలో ఒక జెట్ ఇంజను పెట్టి దాడులు చేసే విమానంగా అనుకున్నారట. తర్వాత మనసు మార్చుకుని తోకలో జెట్ పీకేశారు, కడుపులో రాడార్ పెట్టారు. ఆ రాడార్‌కి గంపలాంటి మూత. గాల్లోకి వెళ్ళాక అది కిందికి దిగుతుంది, తిరిగొచ్చేముందు లోపలికి ముడుచుకుంటుంది. రెక్కలకి చెరో బుడిపె ఉండేది. చక్రాలు అందులోకే ముడుచుకుంటాయి, సముద్రంలోకి జారవిడిచి చప్పుడు వినే గొట్టాలూ అందులోనే. ఓడ కింది అంతస్తులో చోటు చాలదు కనక రెక్కలు మడిచిపెట్టేవాళ్ళం. లోపల ముగ్గురు మనుషులు. పైలట్, ఆయన పక్కన రాడార్ చూసే ఆయన, వెనక అడ్డంగా కూర్చుని చెవులకి ఫోను తగిలించుకుని నీళ్ళ చప్పుడు వినే ఆయన.

అందం చందం లేదు దానికి. చూడి గేదె అనేవాళ్ళు మావాళ్ళు. నాకు మాత్రం ముద్దొచ్చేది. నేను చేరేనాటికే అవి ముసలివి. గోవా పోరులో ఎగిరినవి, డెబ్బై ఒకటి యుద్ధంలో బంగాళాఖాతం మీద తిరిగినవి. ఆ యుద్ధంలోనే ఒకటి పడమటి సముద్రం మీద శత్రువు జెట్ విమానానికి చిక్కి తిరిగిరాలేదు. అందులోనూ ముగ్గురే. ఆ సంగతి మాకు మొదటి వారంలోనే చెప్పేవారు, చేతుల్లో పని పెట్టేముందు.

రాడార్ గంప దిగే గుంత చుట్టూ ఒక రబ్బరు అంచు ఉండేది. పాత జిగురు గీకి కొత్తది వేయడం నా పని. గీకడానికి ఇచ్చిన పనిముట్టు మొద్దుది, మూలల్లోకి వెళ్ళదు. గట్టిగా నొక్కితే లోహం మీద గీటు పడుతుంది. అప్పుడు నాకు అమ్మ కత్తి గుర్తొచ్చింది. అమ్మ కాశీబుగ్గలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్ళేది. పప్పు విరక్కూడదు, గీటు పడకూడదు, పొట్టు మాత్రం పొరలా లేచిపోవాలి. సెలవుల్లో ఆమె పక్కన కూర్చుని నేనూ తీసేవాణ్ణి. నేవీలో చేరడానికి బయల్దేరిన రోజు, పిడికి సైకిల్ ట్యూబు చుట్టిన ఆ కత్తి నా చేతిలో పెట్టి, "పండు కోసుకోడానికైనా పనికొత్తాది," అంది. నేను దాంతో విమానం పొట్టు తీశాను.

అది తప్పు. మామూలు తప్పు కాదు. విమానం దగ్గర సొంత పనిముట్టు ఉండకూడదు. ప్రతి స్పానరుకీ ప్రతి స్క్రూడ్రైవరుకీ ఒక బోర్డు మీద దాని ఆకారం గీసి ఉంటుంది. పని అయ్యాక అన్నీ తిరిగొచ్చి ఆ ఆకారాల్లో కూర్చుంటేనే విమానం కదులుతుంది. ఒక్క ఆకారం ఖాళీగా ఉన్నా ఆగిపోవాల్సిందే. మా అమ్మ కత్తికి ఆ బోర్డు మీద ఆకారం లేదు.

మా పని అజమాయిషీ చేసే చీఫ్ భావనపాడు మనిషి, చేపలు పట్టే ఇంట్లో పుట్టినవాడు. పదిమందిలో ఆయన నాకు చీఫ్, ఇద్దరమే ఉంటే మావ. నేను గీకిన అంచు మీద వేలు పెట్టి రాసి, "దేంతో గీకినావురా? ఇంత నున్నగా ఒచ్చినాది?" అని అడిగాడు ఒకసారి.

"ఇచ్చినదాంతోనే మావా," అన్నాను.

ఆయన నా మొహం చూసి, ఆ అంచు మీద మళ్ళీ ఒకసారి వేలు రాశాడు. నేనేమో మెచ్చుకున్నాడని పొంగిపోయాను.

ఆ రోజు మేం ఓడ మీద ఉన్నాం. పొద్దున్న పని చేస్తూ మధ్యలో టీకి వెళ్ళొచ్చాను. వచ్చి గుంత పక్కన రేకు మూత బిగించాను, బోర్డు మీద పనిముట్లన్నీ సరిపోయాయి, కాగితం మీద సంతకం పెట్టాను. విమానాన్ని లిఫ్టులో పైకి తీసుకెళ్ళారు. చెయ్యి తుడుచుకుందామని జేబులో గుడ్డకోసం తడిమితే కత్తి లేదు. ఇంకో జేబు. లేదు. ఆ రేకు వెనక చిన్న గట్టు మీద పెట్టినట్టు గుర్తొచ్చింది. 

ఓడ మీద ఆవిరితో నడిచే యంత్రం ఒకటుంటుంది. ఉండేలుతో రాయి విసిరినట్టు విమానాన్ని విసురుతుంది. ఆ కుదుపుకి లోపల వదులుగా ఉన్నది ఏదైనా సరే తోకలోకి దూసుకుపోతుంది. తోకలో విమానాన్ని పైకీ కిందకీ తిప్పే తీగలుంటాయి. ఆ తీగల కప్పీలో ఒక కత్తి ఇరుక్కుంటే విమానం పైలట్ మాట వినదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే మెట్లెక్కి పైకి పరిగెత్తాను.

చీఫ్ డెక్కు అంచున నిలబడి ఉన్నాడు. ఇంజను హోరులో నా చెవి దగ్గర నోరు పెట్టి, "ఏరా, ఏటైనా సెప్పాలా?" అన్నాడు.

చెబితే విమానం ఆగుతుంది. నన్ను కొట్లో వేస్తారు, ఉద్యోగం ఊడినా ఊడుతుంది. అమ్మ మళ్ళీ జీవితాంతం పొట్టు తీసుకుంటుంది. చెప్పకపోతే ముగ్గురు మనుషులు. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను. కొట్టుకున్నది ఎంతసేపని? నాలుగైదు క్షణాలు.

"ఏటీ నేదు మావా," అన్నాను.

విమానాన్ని విసిరారు. అది అంచు దాటి కాస్త కిందికి జారి, మళ్ళీ లేచి, చుక్కయి, కనబడకుండా పోయింది. నాలుగు గంటలు. నేను రెయిలింగు పట్టుకుని అక్కడే ఉండిపోయాను. ప్రార్థన చేద్దామంటే మాట పెగల్లేదు. దేవుడికైనా మొదట కత్తి సంగతి చెప్పాలి కదా! అది తిరిగొచ్చి, తోక కింద కొక్కెం డెక్కు మీద అడ్డంగా కట్టిన తీగకి తగులుకుని ఆగినప్పుడు, ముగ్గురూ దిగి నవ్వుకుంటూ నా పక్కనుంచే వెళ్ళారు. వెనక కూర్చునే ఆయన నా భుజం తట్టాడు. నా వయసువాడే.

హమ్మయ్య అనుకుంటే అయిపోయేది. కాలేదు. రేకు మూత విప్పి చూస్తే గట్టు మీద కత్తి లేదు. అంటే తోకలోకి పోయింది. తోక భాగం పూర్తిగా విప్పేది పెద్ద తనిఖీలోనే, అది ఇంకా పదకొండు నెలలకి. ఆ పదకొండు నెలలూ ఆ విమానం ఎగిరిన ప్రతిసారీ నేను రెయిలింగు దగ్గరున్నాను. ఒక్క మాట చాలు. కానీ మొదటి రోజు చెబితే తప్పు ఒకటే. నెల పోయాక చెబితే, తెలిసి తెలిసి నెల రోజులు మనుషుల్ని అందులో ఎక్కించిన తప్పు కూడా కలుస్తుంది. రోజు గడిచేకొద్దీ నోరు ఇంకా బిగుసుకుపోయింది.

ఊళ్ళో మా పెళ్ళి ప్రకటన చర్చిలో చదివారు. నాకు లీవు ఇచ్చారు కూడా. నేనే వెనక్కిచ్చేశాను. నేను లేనప్పుడు అది కూలిపోతే? నేనుంటే కూలదని ఏ లెక్క? అయినా కదల్లేకపోయాను. లీవు దొరకలేదని ఉత్తరం రాశాను. కొన్ని నెలలకి మళ్ళీ ప్రకటన చదివారు, మళ్ళీ అదే ఉత్తరం. మందసలో ఉండే మా ఆవిడ చిన్నాన్న, "ఆడికక్కడ ఇంకో సంసారం ఉన్నాదే," అన్నాడట. ఆమె మూడు ఆదివారాలు చర్చికి వెళ్ళకుండా ఇంట్లోనే ఉండిపోయిందట.

పెద్ద తనిఖీ వచ్చింది. తీరం మీద, మా స్థావరంలో. తోకలోకి నేనే దూరతానని పట్టుబట్టాను. టార్చి, చిన్న అద్దం పట్టుకుని పొట్ట మీద పాకుతూ చివరిదాకా వెళ్ళాను. దుమ్ము ఉంది, గ్రీజు ఉంది. కత్తి లేదు. రెండోసారి చూశాను. మూడోసారి చూశాను. లోపల గాలి ఆడక, ఏడుపు ఆగక, వెనక్కి పాక్కుంటూ బయటపడ్డాను.

చీఫ్ పనిముట్ల పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఎవరూ లేరు. జేబులోంచి తీసి నా అరచేతిలో పెట్టాడు. సైకిల్ ట్యూబు చుట్టిన పిడి.

"ఆ రోజే దొరికినాది. నువ్వు టీకెల్లినప్పుడు, టార్చేసి సూత్తంటే గట్టు మీద ఉన్నాది."

నాకు ముందు కోపమే వచ్చింది. "పదకొండు నెల్లు! ఎందుకు సెప్పనేదు మావా?"

"నువ్వెందుకు సెప్పనేదు?" అన్నాడు. అరవలేదు. "కత్తి నా జోబీల ఎట్టుకుని నిన్నడిగినాను. ఏటైనా సెప్పాలా అని. మా ఊళ్ళో పడవ నీళ్ళల్లోకి తోసేముందు, సిల్లున్నాదని సిన్నపిల్లాడు సెప్పినా ఆపీసి సూత్తారు. నువ్వు సెప్తావనుకున్నాను."

ఆయన నన్ను పైకి రిపోర్టు చేయలేదు. మర్నాడు లీవు మీద సంతకం పెట్టించి, "ఎల్లి పెళ్ళి సేసుకో. మళ్ళీ నా ఇమానం మీద సెయ్యెట్టకు," అన్నాడు. అన్న మాట ప్రకారమే నన్ను స్టోర్లోకి మార్పించాడు. రిటైరయ్యేదాకా స్పేర్ల అరల మధ్యే ఉన్నాను.

తర్వాత కొన్నాళ్ళకి ఓడ ముందుభాగాన్ని ఎత్తుగా కట్టి, ఆ విసిరే యంత్రాన్ని తీసేశారు. అది లేకపోతే అలీజే ఓడ మీదనుంచి లేవలేదు. కొన్నేళ్ళు నేల మీదనుంచి ఎగిరి, ఆ పైన మూలపడ్డాయి. ఒకటి మ్యూజియంలో ఎండకీ వానకీ నిలబడి ఉంది. చూపిస్తానని తీసుకెళ్తే మా ఆవిడ దాని పొట్ట మీద ఒక్కటి చరిచి, "ఇదేనేటి నా సవితి," అంది. ఆ రోజు కూడా నేను చెప్పలేదు. చీఫ్ భావనపాడులోనే పోయాడు. ఆయన్ని మట్టి చేసేటప్పుడు వెళ్ళే మొహం లేక వెళ్ళలేదు.

పోయిన బుధవారం చెప్పాను. కత్తి చూపించి, మొదట్నుంచీ చివరిదాకా. మూలపేట ఆయన పోర్టు మర్చిపోయి విన్నాడు. ఆమె చేతిలో యాపిల్ నల్లబడిపోయింది. రెండుసార్లు ఆగిన పెళ్ళికి తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఆ ముగ్గురికీ పెళ్ళాలున్నారా?" అంది.

నలభై ఏళ్ళలో నేను ఆ సంగతి ఒక్కసారి కూడా అనుకోలేదు. నా భయం, నా ఉద్యోగం, నా పెళ్ళి, చీఫ్ నన్నలా చేశాడన్న ఉక్రోషం, ఇవే. "ఇద్దరికి అప్పటికే ఉన్నారు," అన్నాను. "పెద్దోలిద్దరూ పోయినారు. ఎనక కూకునే ఆయన ఉన్నాడు. పాతోల గ్రూపుల రోజూ గుడ్ మార్నింగ్ బొమ్మలెడతాడు."

"మరి ఆయనకెప్పుడు సెప్తావు?"

"ఇప్పుడేటి సెప్తామే! అందుల కత్తే నేదు గదా. ఏటీ అవ్వనేదు గదా."

"నేదని నీకు తెల్సా ఆ రోజు?"

 ఆమె చీర చెంగుతో చెయ్యి తుడుచుకుని నా ఫోను తీసింది, పేరు వెతికింది, నొక్కి నా కుడి చెవి దగ్గర పెట్టింది. "ఇంకా రెండు గంటలున్నాది. యాడికీ పోలేవు," అంది.

ఎడమచేతికి రెండు సూదులున్నాయి. నిజంగానే ఎక్కడికీ పోలేను. అవతల ఫోనెత్తి, ఇన్నేళ్ళకి గుర్తొచ్చానా అని హిందీలో నవ్వుతూ పలకరించాడు. ఆ నవ్వు నాకు గుర్తే.

"సార్," అన్నాను. "ఆ విమానంలో కత్తి ఉందనుకుని కూడా నేను మిమ్మల్ని పంపాను."