బాగు అన్న మాట

ఈ ఉదయం రాజమండ్రిలో మిక్సీ పట్టుకుని రిపేరు షాపుకి వెళ్తే, షాపాయన మూత కూడా విప్పకుండా "ఇది బాగవదండీ, కొత్తది తీసేసుకోండి" అన్నాడు. మిక్సీ పోతే పోయింది. ఆ మాట వినగానే మా మావయ్య గుర్తొచ్చి, అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను.

మా అమ్మకి అన్న. గోదావరిలో చేపలు పట్టుకుని బతికిన మనిషి. ఆయన ప్రపంచమంతా "బాగు" అన్న మాట మీదే నడిచేది. వల చిరిగితే బాగుచేసేవాడు, పడవ ఇంజిను మొరాయిస్తే బాగుచేసేవాడు. జ్వరం తగ్గితే బాగైందనేవాడు, పక్కింటాయన తాగుడు మానేస్తే బాగుపడ్డాడనేవాడు. "పాడైంది" అని మాత్రం పొరపాటున కూడా అనడు. నేను పుట్టకముందే మూగబోయిన రేడియోని చూపించినా, "ఇంకా బాగవలేదు" అనేవాడు, రేపో మాపో పలుకుతుందన్నట్టు. మా అత్తయ్య ఎండుచేపలు తిరగేస్తూ, "ఆ ఒక్క మాట తీసేస్తే మీ మావయ్య మూగాడే" అని నవ్వేది.

ఆ అత్తయ్యకి కడుపులో గడ్డ వచ్చింది. రాజమండ్రి ఆసుపత్రికి ఇద్దర్నీ నేనే తీసుకెళ్ళాను. మావయ్య డాక్టరుగారి ముందు నిలబడి, ఇంజిను అప్పజెప్పి అడిగినట్టే, "ఎప్పటికి బాగుచేసిస్తారండీ?" అన్నాడు. ఆయన రిపోర్టుల్లోంచి తలెత్తి, "ఇంటికి తీసుకెళ్ళి బాగా చూసుకోండి. అడిగింది పెట్టండి" అన్నారు. ఆసుపత్రుల చుట్టూ తిరిగినవాళ్ళకి ఆ మాటల అర్థం తెలుసు. ఇక చేసేదేం లేదని. మావయ్య మాత్రం వెలిగిపోతూ బయటికొచ్చాడు.

"విన్నావా అమ్మాయ్? బాగా అన్నారు! పథ్యం కూడా అక్కర్లేదంట!"

నేను నోరు తెరవబోతే అత్తయ్య నా చెయ్యి నొక్కింది. మావయ్య బస్సు కోసం ముందుకి నడిచాక, "చెప్పకమ్మా. ఆయన్నలాగే ఉండనీ" అంది.

మావయ్య వేట మానేశాడు. జావ కాచేవాడు, ఆవిడ తల దువ్వేవాడు. ఆవిడేమో రోజురోజుకీ మంచానికి అతుక్కుపోతోంది. ఈయన పొద్దున్నే మొహం చూసి, "ఇవాళ కొంచెం బాగుంది" అనేవాడు. ఆవిడ తలాడించేది. చూస్తున్న నాకు గట్టిగా అరవాలనిపించేది. చివరికి ఒక మధ్యాహ్నం ఆవిడే, "నాకు బాగైపోయిందండీ, మీరు కాసేపు నడుం వాల్చండి" అందట. నమ్మాడు. చాలా రోజుల తర్వాత ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాడు. లేచేసరికి ఆవిడ లేదు.

ఇప్పటికీ వెళ్ళి "బాగున్నారా మావయ్యా?" అని అడిగితే, వల మీంచి తలెత్తకుండా "ఉన్నానమ్మా" అంటాడు. అంతే. నాలుగేళ్ళు గడిస్తే ఆ మనిషి మళ్ళీ మామూలవుతాడని ఎదురుచూశాను. గడవడం తప్ప ఏళ్ళకి ఇంకే పనీ చేతకాదని ఇప్పుడు తెలుస్తోంది.