సూదే కావాలన్న మరియమ్మ గారు

ఈ రోజు మా ఆసుపత్రిలో కొత్త షుగర్ మందు ట్రయల్‌కి వచ్చినవాళ్లను, వేలికి సూది గుచ్చి చూసే మిషన్ కావాలా, జబ్బకి అతికించే సెన్సార్ కావాలా అని అడిగి రాసుకున్నాను. అందరూ సెన్సారే అన్నారు. మిరపకాయల తొడిమలు తీసే పనికెళ్లే మరియమ్మ గారు మాత్రం సూదే కావాలన్నారు.

"సెన్సారైతే రోజూ గుచ్చుకునే నొప్పి ఉండదు కదండీ?" అన్నాను.

"గుచ్చినా తెలియదులేమ్మా. కారమో, షుగరో, వేళ్లు ఎప్పుడో మొద్దుబారిపోయినయ్. జబ్బకి పెడితే దాని కిందకి చెమటా కారపు దుమ్మూ చేరి మండుద్ది. ఇంకా మంట తెలిసే చోట ఎందుకమ్మా?"

ఫారంలో కారణం అన్నచోట 'సూదితో నొప్పి లేదు' అని రాశాను. అబద్ధమేం కాదు. కానీ చదివినవాళ్లు సూదే మంచిదనుకుంటారు, వేళ్లు మొద్దుబారాయని అనుకోరు.

మీరైతే ఏం రాసేవారు?