అమ్మ పేరు పక్కన నేను రాసిన మాట

మా చిన్ననాడు... ఇంట్లో మనుషులకన్నా ముందు లేచేది రాట్నం. దాని చప్పుడులోనే నిద్రపోయేవాళ్లం. చప్పుడు ఆగితేనే మాకు మెలకువ వచ్చేది.

మాది మైదుకూరు దగ్గర నేతవాళ్ల వీధి. నడిమింట్లో గుంట మగ్గం. గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నాయన చీరలు నేసేవాడు. గడప పక్కన అమ్మ రాట్నం ముందు కూర్చుని, చీరకు అడ్డంగా నేసే నూలును చిన్న చిన్న కండెలకు చుట్టేది. పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కండె ఉంటేనే నాయన చెయ్యి ఆడేది. నూలు సావుకారుది, నేసిన చీరా సావుకారుదే. చీరకు ఇంత అని కూలి నాయన చేతికి ఇచ్చేవాడు.

నాకు లెక్కలంటే అప్పటినుంచే పట్టింపు. ఒకసారి పలక మీద గీతలు పెట్టి చూశాను. చీర నేయడానికి నాయనకు నాలుగు పగళ్లు. అదే చీరకు కండెలు చుట్టడం, నిలువు పోగుల పడుగుకు గంజి పెట్టడం, తెగిన పోగులు అతకడం... అన్నీ కలిపితే అమ్మకు మూడు పగళ్లు. వంటా నీళ్లూ అందులో కలపలేదు. కలపబోతే పలక చాలలేదు.

ఒక ఎండాకాలం అమ్మకు జ్వరం తగిలింది. రెండో రోజు మధ్యాహ్నానికి కండెలు అయిపోయి మగ్గం నిలిచింది. చీర కోసం వచ్చిన సావుకారు గడపలోనే నిలబడి నవ్వాడు.

"ఏమప్పా, మగ్గానికి గూడా జరమొచ్చిందా?"

"మా ఆడమనిషి పండుకోనుండాది సామీ..." అన్నాడు నాయన.

"ఆమె పండుకుంటే నీ చేతులకేమొచ్చిందప్పా?"

ఆ సాయంత్రమే అమ్మ లేచి, గోడకు ఆనుకుని రాట్నం తిప్పింది. మగ్గం మళ్లీ ఆడింది. సావుకారుకు చెప్పాల్సిన జవాబు ఇంట్లో అందరికీ తెలుసు... ఎవరూ పైకి అనలేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఊళ్లో నేతవాళ్ల సంఘం పెట్టారు. వివరాలు రాసుకోవడానికి గుమాస్తా ఇంటింటికీ వచ్చాడు. తన రాత తనకే అర్థం కాదని నవ్వుతూ కాగితం నా చేతికిచ్చాడు. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని వీధంతా పేరు. ఒక్కొక్కరి పేరు, పక్కన వాళ్లు చేసే పని రాయాలి. నాయన పేరు పక్కన 'నేత' అని రాశాను. అమ్మ పేరు రాసి కలం ఆపాను.

"నాయనా, అమ్మకు ఏం రాయల్ల?"

"ఏముండాది రాసేదానికి? ఇంట్లో ఊరికే ఉంటాది అని రాయిమే."

రాట్నం ఆగింది. ఒక్క క్షణమే... మళ్లీ తిరిగింది.

పలక మీద లెక్క కట్టినదాన్ని నేనే. అయినా 'పని లేదు' అని రాశాను. గుమాస్తా కాగితం చూసి, "ముత్యాల మాదిరి ఉండాయప్పా నీ బిడ్డ అక్షరాలు" అన్నాడు. నేను పొంగిపోయాను.

తరువాత కడపలో కాలేజీ, సమాజశాస్త్రం. శ్రమ, వర్గం, యంత్రాల కాలం గురించి ఎన్ని సిద్ధాంతాలో... వస్తువు విలువ దానిలో పోసిన శ్రమ నుంచే పుడుతుందట. పనిని పంచుకోవడమే సమాజాన్ని కలిపి ఉంచుతుందని ఇంకొకరు. ఆస్తే కాదు, గౌరవం కూడా మనుషులను మెట్లు మెట్లుగా నిలబెడుతుందని మరొకరు. సెలవులకు వచ్చి అమ్మకు వివరించాను. కూలివాడికి అమ్ముకోవడానికి తన శ్రమ తప్ప ఏమీ ఉండదని, యజమాని దాన్ని కొంటాడని. అమ్మ పోగు తెగకుండా చుడుతూనే వింది.

"అమ్ముకునేవాళ్ల సంగతి సరేమ్మే. ఊరికే ఇచ్చేవాళ్లకు ఏం పేరు పెట్టినారు ఆ పుస్తకాల్లో?"

వెతికాను. దొరకలేదు. లెక్చరరునై ఆ పుస్తకాలనే ముప్పై రెండేళ్లు పాఠం చెప్పాను. ఎవరికీ ఒక్క మార్కు ఊరికే వేయలేదు.

నాయన పోయాక, వయసు మళ్లిన నేతవాళ్లకు ఇచ్చే పింఛను తన పేరు మీద అడగాలని అమ్మ పట్టుబట్టింది. నా జీతం ఉంది కదమ్మా అన్నాను. "నీ జీతం నీది. నేను పని చేయలేదా?" అంది. ఆఫీసుకు తీసుకుపోయాను.

"అవ్వా, మగ్గం మీద కూర్చోని నేసినావా?" అని అడిగాడు బల్ల వెనక కూర్చున్న యువకుడు.

"లేదు నాయనా. యాభై ఏండ్లు కండెలు చుట్టినా." అమ్మ చూపుడువేలు చాపింది. పోగు జారిజారి పడిన గాడి లోతుగా ఉంది. "ఇది పనికొస్తాదేమో చూడు."

అతను సంఘం పాత కాగితాల కట్ట విప్పాడు. "ఈడ నీ పేరు పక్కన 'పని లేదు' అని ఉండాది కదవ్వా."

అమ్మకు చదువు రాదు. కాగితం మీదికి వంగి, ఆ గుండ్రటి అక్షరాలను గుర్తుపట్టింది. ముఖం వెలిగిపోయింది.

"ఇది మా పాప రాసిందే! ఎంత బాగుండాదో చూడు నాయనా."

నేను పక్కనే ఉన్నాను...

బస్సులో తిరిగి వస్తూ దారి పొడుగునా అమ్మ ఆ గాడిని బొటనవేలితో రుద్దుకుంటూనే ఉంది. తప్పు నాదేనని సంతకం పెట్టి అర్జీ పంపాను. జవాబు రాకముందే అమ్మ పోయింది.

పోయిన నెల ఆ వీధికి వెళ్లాను. రాట్నాలకు మోటార్లు వచ్చాయి. కాగితాలు పోయి ఫోన్లు వచ్చాయి. ఫోనులో వివరాలు ఎక్కించుకునే అమ్మాయి ఒకామె, కండెలు చుడుతున్న పక్కింటి కోడలిని చూపించి, ఏం పని చేస్తుందని ఆమె మామను అడిగింది.

"ఏముండాది పాపా... ఇంట్లో ఊరికే ఉంటాది."

మోటారు కదా... ఈసారి రాట్నం ఒక్క క్షణం కూడా ఆగలేదు.

మీ ఇళ్లలో పాత కాగితాలుంటే ఒకసారి తీయండి. మీ అమ్మ పేరు పక్కన ఏం రాసి ఉందో ఇక్కడ చెప్పండి... ఆ చేతిరాత ఎవరిదో కూడా.