గంజి చల్లారలేదు

ఈ మాట ఏళ్ల తరబడి నాలోనే ఉంది. ఎవరికీ చెప్పలేదు. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను, అందుకే మీకు చెబుతున్నాను. పేరు మాత్రం అడగకండి. ముంబై దగ్గర భివండిలో, పద్మనగర్‌లో ఉండే ఒక ఆడమనిషి అనుకోండి, చాలు. నా మీద జాలి కూడా పడొద్దు. ఎవరైనా జాలి చూపిస్తే నాకు చిర్రెత్తుకొస్తుంది.

మా ఆయన నాకు మేనబావ. పెళ్లికి ముందు నుంచీ బావా అనే పిలుస్తాను. మీసాలు రాకముందే ఇక్కడికొచ్చి సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి కుదిరాడు. నూలు దుమ్ము పీల్చీ పీల్చీ దగ్గు పట్టుకుంది. డాక్టరు సాంచెలు మానేయమన్నాడు. మానేసి ఏం తినాలో చెప్పలేదు. సేట్లు పాత సాంచెలను తుక్కు కింద అమ్ముకుంటున్న రోజులవి, పని ఎలాగూ తగ్గిపోతోంది. బావ ఊరి బయట ఒక మరాఠీ రైతు దగ్గర వరి కోసిన మడి కౌలుకు తీసుకున్నాడు. శనగ వేస్తానన్నాడు. ఈ పంట బాగా వస్తే భూమి మన చేతిలోనే ఉంచుతాడట, అక్కడే గుడిసె వేసుకుందాం అన్నాడు. దుమ్ము లేని గాలి. ఆయనకు కావలసింది అదొక్కటే.

ఆ మడిలో అంతకుముందు ఎప్పుడూ శనగ వేయలేదు. అందుకని వ్యవసాయాఫీసులో ఒకాయన బావకు నల్లటి పొడి పొట్లాలు ఇచ్చాడు. అందులో ఉన్నవి మట్టిలో బతికే సూక్ష్మజీవులట. విత్తనాలకు పట్టిస్తే, మొక్క వేళ్లకు బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయట. బావ ఆ పొట్లాలను ఇంటికొచ్చిన చుట్టాలను చూసుకున్నట్టు చూసుకున్నాడు. ఎండ తగలకుండా నీళ్ల కుండ పక్కన పెట్టాడు. నాకు నవ్వొచ్చింది.

విత్తే రోజు పొద్దున్నే, ఎడ్ల కోసం రైతు దగ్గరికి వెళ్తూ నాకు పని అప్పజెప్పాడు. బెల్లం నీళ్లు కాచి, చల్లార్చి, పొడి కలిపి విత్తనాలకు పట్టించమన్నాడు. నేను సగమే విన్నాను. బెల్లం నీళ్లేం అంటుకుంటాయి? పట్టించడం గురించి నాకు ఒకరు చెప్పాలా? మా అమ్మ పడుగుకు గంజి పెడితే మా వాడంతా వచ్చి చూసేది. గంజి వేడిగా ఉంటేనే నూలుకు పడుతుంది. చల్లారితే తెట్టె కట్టి దేనికీ పనికిరాదు. సాలోళ్ల ఇంట్లో పుట్టినదాన్ని, నాకు వేరే ఏం తోస్తుంది చెప్పండి? బియ్యపు గంజి కాచాను. బెల్లం వేశాను. దించీ దించగానే, పొగలు కక్కుతుండగానే, పొడి మొత్తం అందులో పోసి కలిపాను. చెయ్యి ఓర్చుకునే వేడికి వచ్చాక విత్తనాలకు పట్టించాను. గింజ గింజా నల్లగా నిగనిగలాడింది. ఎంత గర్వపడ్డానో.

బావ వచ్చి చూసి మురిసిపోయాడు.

"మస్తు పట్టిచ్చినవ్ పిల్లా. సల్లారినంకనే కలిపినవ్ గదా?"

"ఏమాయె? ఎందుకు?"

"వాటికి పానముంటది. వేడి తాకితే సస్తయట. సచ్చినంక గది ఉట్టి బొగ్గుపొడే అన్నడు సారు."

"సల్లారినంకనే కలిపిన బావా. గంత తెల్వదా నాకు?"

ఇంతే నేను చేసింది. గంజి సంగతి తెలియక చేశాను, దానికి నన్ను నేను ఎప్పుడో క్షమించుకున్నాను. ఆ జవాబు మాత్రం తెలిసే చెప్పాను. చల్లార్చలేదు బావా అని ఉంటే, మళ్లీ ఆఫీసుకు పోయి ఇంకో పొట్లం తెచ్చేవాడు. ఒకపూట ఆలస్యమయ్యేది. ఎందుకు అనలేదు? అప్పుడే మెచ్చుకున్నాడు కదా, ఆ మెప్పు పోతుందనా? అదీ ఉంది. అదొక్కటే కాదు.

తేడా కనబడాలని, ఆ సారు చెప్పినట్టే, గట్టు పక్క నాలుగు సాళ్లు పొడి పట్టించకుండా వేశాడు. తేడా చూపిస్తానని సాంచెల మీద తనలాగే దగ్గుతున్న దోస్తులనూ చేనుకు పిలుచుకుపోయాడు. ఏం తేడా? రెండూ ఒకేలా పాలిపోయి, గిడసబారి ఉన్నాయి. మొక్క పీకి చూపించాడు. వేరు నున్నగా ఉంది, ఒక్క బుడిపె లేదు. ఒకతను నవ్వాడు. మిగతావాళ్లు నవ్వలేదు, అది ఇంకా కష్టంగా ఉండింది. తామూ భూమి కౌలుకు తీసుకోవాలనుకున్న వాళ్లు, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మరుసటేడు రైతు ఆ మడి ఇంకొకరికి ఇచ్చాడు. బావ మళ్లీ సాంచెల మీదికి పోయాడు.

తప్పు తనదే అనుకున్నాడు. ఆరబెట్టినప్పుడు విత్తనాల మీద కాస్త ఎండ పడిందట, తాను చూసుకోలేదట. "నా చెయ్యి మంచిది గాదు" అని ఎంతమందితో అన్నాడో. నేను పక్కనే ఉండి వినేదాన్ని. చలికాలంలో బండి మీద పచ్చి శనగ కట్టలు అమ్మకానికి వస్తే, కాయలు చూడడు, కట్ట తిప్పి మొక్కల వేళ్లు చూస్తాడు. బుడిపెలు కనబడితే నాకు చూపిస్తాడు. నాకు ఒళ్లు మండిపోతుంది. ఒక్కసారైనా నన్ను అనుమానించకూడదా ఈ మనిషి? గట్టిగా నిలదీస్తే చెప్పేదాన్నేమో. నిలదీయలేదని ఆయన మీద కోపం తెచ్చుకుంటున్నాను చూడండి, ఎంత సిగ్గులేనిదాన్నో.

అసలు మాట ఇంకా చెప్పలేదు. పంట పోయిందని తెలిసిన రోజు నాకు సంతోషం కలిగింది. ఆ గుడిసెకు పోవడం నాకు ఇష్టం లేదు. ఇక్కడ ఇంటి ముందు కొళాయి, గోడ అవతల తెలుగు మాట, పిలిస్తే పలికే నలుగురు. అక్కడ మరాఠీ రాని నేను చేను మధ్య ఎవరితో మాట్లాడను? ఆయన ఊపిరి కంటే నాకు ఈ వాడే ఎక్కువైంది. చల్లార్చాను అన్నప్పుడే ఈ లెక్క నా మనసులో ఉందా? ఉందనే అనుకుంటున్నాను. లేదని ఒట్టు పెట్టలేను.

ఇప్పుడు ఆయన పనికి పోలేడు. వీధి చివరి దాకా నడవాలన్నా మధ్యలో ఆగాలి. ఇప్పుడైనా చెప్పొచ్చు కదా అంటారు. తిడతాడని కాదు నా భయం. తిడితే బాగుండు. నిజం తెలిస్తే ఆయన సంతోషిస్తాడు. "అయితే నా చేతిల తప్పేం లేదు, మల్ల ఏసి సూద్దామా?" అంటాడు. అంటాడని నాకు తెలుసు. అప్పుడు నేను ఆ మనిషి మొహంలోకి చూడాలి.

అందుకే మీకు చెప్పాను. గుండె కాస్త తేలికైంది. పక్క గదిలో ఆయన దగ్గుతూనే ఉన్నాడు.