బొట్టు పెట్టిన సర్టిఫికెట్

ఊరి చుట్టూ వెంచర్లు, సందుకో కొత్త దవాఖాన లేస్తున్న రోజులవి. డాక్టర్ కింద రోగం చూసి మందులు చెప్పే ఫిజీషియన్ అసిస్టెంట్ పరీక్ష పాసైనంక, సర్టిఫికెట్‌కు ఫ్రేమ్ కట్టించి, ఇబ్రహీంపట్నం దవాఖానల నా కుర్చీ ఎనక గోడకు తగిలిచ్చిన. అమ్మ వచ్చి దానికి పసుపు కుంకుమ పెట్టిపోయింది.

అయినా పేషెంట్లకు నేను బీపీ చూసే పిల్లనే. రోగమేందో నేను చెప్పినా, డాక్టర్ సార్ చెయ్యి పడ్తెనే వాళ్లకు నమ్మకం. మొదట్ల కోపమొచ్చేది. తర్వాత అదీ పోయింది.

ఓనాడు అమ్మకే దగ్గు, జ్వరమొచ్చి దవాఖానకొచ్చింది. ఛాతీ పరీక్ష చేసి, నెమ్ము పట్టిందని చెప్పిన. ఏ మందులు వాడాల్నో గూడ చెప్పిన. అమ్మ తలూపింది. తను బొట్టు పెట్టిన ఫ్రేమ్ దిక్కే చూసుకుంట అడిగింది.

"సార్ ఎప్పుడొస్తడు బిడ్డా?"

"పదకొండుకొస్తడు, కూసో" అని, ఇంకో పేషెంట్‌ను పిలిచిన.