రెండు పూటలు పిండి చూసిన టీవీ

మా ఇంట్లోకి టీవీ రావాలా వద్దా అన్న గొడవ ఏనాడూ లేదు. రావాలి, అంతే. ఆ ఏడు మిర్చి బాగా పండింది, ధర కూడా పలికింది, మా వీధిలో అప్పటికే రెండిళ్ల మీద యాంటెన్నాలు లేచాయి. గొడవల్లా నలుపు తెలుపుదా, రంగులదా అన్నదే. మిర్చి డబ్బుతో నలుపు తెలుపుది ఇట్టే వచ్చేస్తుంది. రంగులది కావాలంటే మాత్రం దాని మీద ఇంకా చాలా పెట్టాలి. అదెక్కడి నుంచి తేవాలా అని వెతుకుతున్న నాన్న కళ్లు పోయి పోయి దొడ్లో కట్టేసిన మా గేదె మీద పడ్డాయి.

పల్నాట్లో ఏ ఊళ్లో చూసినా రెండు పార్టీలుంటాయి. మా ఇంట్లోనూ రెండయ్యాయి. రంగుల పార్టీకి నాన్న నాయకుడు, నేను ఆయనకు కుడిభుజం. అప్పుడు నేను నరసరావుపేటలో ఇంటర్ చదువుతున్నాను. రొంపిచెర్ల వైపున్న మా ఊరి నుంచి రోజూ బస్సులో పోయి రావడం. కాలేజీ దారిలో ఒక టీవీల కొట్టు ఉండేది. అద్దం వెనక రంగుల టీవీ పెట్టి, వీడియో క్యాసెట్టు తిప్పుతూ ఉండేవాళ్లు. దాని ముందు నోరు వెళ్లబెట్టుకుని నిలబడి, మొదటి క్లాసు ఎన్నిసార్లు ఎగ్గొట్టానో నాకే తెలియదు. ఇంటికొచ్చి, అది చూశాక ఆ బూడిద బొమ్మ ఎవరు చూస్తారని ఒంటికాలి మీద లేచేదాన్ని. అవతలి పార్టీలో అమ్మ, గేదె. ఓట్లు లెక్కేస్తే సమానమే గానీ, గేదెకు ఓటెక్కడిదని నాన్న వాదన.

అమ్మకు ఆ గేదె అంటే ప్రాణం. దాని తల్లి ఈనిన కొన్నాళ్లకే పాము కరిచి చచ్చిపోతే, ఈ దూడకు సీసాతో పాలు పట్టి బతికించుకుంది. పెద్దయ్యాక అది అమ్మ చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యి పడినా చుక్క వదిలేది కాదు. నేనొకసారి ప్రయత్నించి తన్ను తిన్నాను. అన్నిటికీ మించి, మా ఇంట్లో అమ్మ తనవని చెప్పుకోగలిగినవి ఆ పాల డబ్బులే. ఆ గేదె పోతే గాజులు కొనుక్కోవాలన్నా నాన్న మొహం చూడాలి. ఆ మాట ఒక్కసారే అంది, ఆ తర్వాత మూతి ముడుచుకుని ఊరుకుంది.

నాన్న దాన్ని ఒప్పుకోవడం కింద జమకట్టాడు. నూజెండ్ల నుంచి ఒక బేరగాడిని పిలిపించాడు. మా వైపు పాడిగేదెను ఒట్టి కళ్లతో చూసి ఎవరూ కొనరు. సాయంత్రం ఒక పూట, మర్నాడు పొద్దున ఒక పూట, కొనేవాడు ఎదురుగా కూర్చుని పిండించుకుని చూస్తాడు. అప్పుడే బేరం. అతనూ అలాగే మా అరుగు మీద పడుకుని రెండు పూటలూ చూశాడు. అమ్మ కావాలని తక్కువ పిండుతుందేమోనని నాన్న పక్కనే కాపలా కూర్చున్నాడు. మోసం చెయ్యడం అమ్మకూ రాదు, ఆ గేదెకూ రాదు. రెండు పూటలూ పాల తప్పేల నిండింది. బేరగాడు మురిసిపోయి, సోమవారం పలుపు తెచ్చుకుని తోలుకుపోతానని చెప్పి వెళ్లాడు.

అతను వీధి మలుపు తిరిగాడో లేదో, అమ్మ చేతులు కడుక్కుని వచ్చి నాన్న ఎదురుగా నిలబడింది.

"నా గేదెను రెండు పూటలు పిండి చూపిచ్చాను గదా. నీ పెట్టెను గూడా రెండు పూటలు పిండి చూపిచ్చు. ఈ ఇంట్లోనే, నా కళ్ల ముందర. బాగుందంటే గేదెను నేనే తోలిస్తా."

న్యాయంగానే ఉంది మరి, నాన్న నన్ను వెంటబెట్టుకుని నరసరావుపేటలో ఆ టీవీల కొట్టుకు బయలుదేరాడు. టీవీని ఇంటికి పంపి చూపించమంటే కొట్టు యజమాని నవ్వుతాడని నేను సిగ్గుతో చచ్చాను. ఆయన నవ్వలేదు. ఆయనా గేదెలు కొన్నవాడే. పైగా మా ఊళ్లో రంగుల టీవీ ఒక్కటీ లేదు, ఒకటి చూపిస్తే నాలుగు అమ్ముడవుతాయని ఆశపడ్డాడు. శుక్రవారం మధ్యాహ్నానికి మిర్చి బస్తాలు దింపి వచ్చే ట్రాక్టరులో, ఎండుగడ్డి మధ్య పడుకోబెట్టి, తోడుగా ఒక మెకానిక్కును ఇచ్చి పంపించాడు.

ఆ సాయంత్రం మా వసారాలో ఊరంతా ఉంది. మెకానిక్కు ఇంటి మీద యాంటెన్నా బిగించి, మీటలు తిప్పి, స్విచ్చి వేశాడు. బొమ్మ వచ్చింది. నల్లగా, తెల్లగా, చక్కగా వచ్చింది. నాన్న మొహంలో మాత్రం రంగు పోయింది. బొమ్మ చాలా దూరం నుంచి రావాలని, సిగ్నల్ సన్నగా ఉంటే ముందు రంగు జారిపోతుందని, ఒట్టి బొమ్మే మిగులుతుందని పాపం ఆ మెకానిక్కు చెమటలు తుడుచుకుంటూ వివరించాడు. అమ్మ అంతా విని, సరే, రేపు పొద్దున పూట చూద్దామంది. పొద్దున ఏమీ రాదు పిన్నీ, మళ్లీ సాయంత్రమే అన్నాడతను.

"పొద్దున పూట ఇయ్యనిదాన్ని ఎవరన్నా కొంటారా నాయనా?" అంది అమ్మ.

ఆ నవ్వులకు నాన్న ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు మమ్మల్ని ఆదుకున్నది పక్కింటి పెదనాన్న. శివరాత్రికి వెదుళ్లతో ఎత్తుగా కట్టిన మా ఊరి ప్రభ బండి మీద కోటప్పకొండకు పోతుంటే, దాన్ని పట్టి ఉంచే మోకుతాళ్ల దగ్గర పెత్తనం ఆయనదే. అంతెత్తు ప్రభను పొలాల గట్ల మీద ఒరగకుండా నడిపించినవాళ్లం, ఒక పుల్లను నిలబెట్టలేమా అని మీసం తిప్పాడు. ప్రభకు వాడి దాచిన వెదుళ్లు తెచ్చి ఒకదానికొకటి కట్టించి, కొసన యాంటెన్నా బిగించి, నాలుగు వైపులా మోకులు వేసి మనుషుల్ని నిలబెట్టాడు. "చేదుకో కోటయ్యా" అని ఆ కొండదేవుణ్ణి తలుచుకుంటూ అందరూ ఒక్క గొంతుతో లాగారు. మెల్లగా, మెల్లగా అని మెకానిక్కు బతిమాలుతూనే ఉన్నాడు. యాంటెన్నా మా ఇంటినీ, పక్కనున్న వేపచెట్టునూ దాటి పైకి పోయి నిలబడింది. మూడు మోకులకు తావులు సులువుగా దొరికాయి. నాలుగోదానికి ఏమీ దొరక్క, దొడ్లో గట్టిగా పాతిన గుంజ కనబడితే దానికి కట్టేశారు. అది గేదెను కట్టేసే గుంజ అని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

సాయంత్రం స్విచ్చి వేయగానే రంగు వచ్చింది. అబ్బ, ఆ వార్తలు చదివే ఆమె చీర నారింజ రంగుదని చూసి నేను ఎగిరి గంతేశాను. గంతు దిగేలోపల రంగు పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. మెకానిక్కు దొడ్లోకి పరిగెత్తి చూస్తే ఏముంది, మా గేదె ఆ గుంజకు మెడ వేసి తీరిగ్గా రుద్దుకుంటోంది. అది రుద్దినప్పుడల్లా మోకు కదిలి, పైన యాంటెన్నా ఊగి, కింద రంగు ఎగిరిపోతోంది. గేదెను ఇంకోచోట కట్టెయ్యమని నాన్న అమ్మను అడిగాడు. మోకు మీరు తెచ్చి కట్టారు గనక మీ తిప్పలు మీరే పడండి, దాని తావు నుంచి దాన్ని కదిలించను అంది అమ్మ. ఇంకెవరు విప్పబోయినా అది కొమ్ములు విసిరింది. మోకు విప్పితే వెదురు జనం మీద పడుతుందని పెదనాన్న ఒప్పుకోలేదు. ఇక మిగిలింది ఒక్కటే దారి. ఎవరైనా దాని మెడ గోకుతూ నిలబడాలి. నాన్న నా వంక చూశాడు.

ఛీ, ఏం బతుకు అనుకున్నాను. ఊరు ఊరంతా లోపల రంగులు చూస్తుంటే, రంగుల కోసం గొంతు చించుకున్న నేను దొడ్లో గేదె మెడ గోకుతూ నిలబడ్డాను. ఇప్పుడేం రంగు అని అరిస్తే ఒక్కరూ పలకలేదు. పెరటి గుమ్మంలోంచి టీవీ కనబడదు, దాని ముందు కూర్చున్న అమ్మ మొహం ఒక్కటే కనబడుతోంది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా చూస్తోంది. ఆ మొహం మీద వెలుగు మారుతూ ఉంది. మేం గెలిచాం అనుకున్నాను. గేదె మెడ గోకుతున్న నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

అప్పుడు రైతుల కార్యక్రమం మొదలైంది. పచ్చిక, అందులో గేదెలు అని ఎవరో అన్నారు. వసారా అంతా వినబడేలా అమ్మ గొంతు వచ్చింది.

"రంగుల్లో గూడా గేదె నల్లగానే ఉందిగా. దీనికోసరం నా నల్లదాన్ని అమ్మాల్నా?"

ముందు పెదనాన్న నవ్వాడు. తర్వాత వసారా అంతా ఒక్కసారిగా గొల్లుమంది. చీరలు చూడు, పూలు చూడు అని నాన్న ఏదో చెప్పబోయాడు గానీ ఎవరు వింటారు? కాసేపటికి ఆయనా నవ్వేశాడు. ఆదివారం రంగుల పెట్టె వచ్చిన దారినే పోయి, దాని స్థానంలో నలుపు తెలుపుది వచ్చింది. గేదెను అమ్మడం లేదని నూజెండ్లకు కబురు నాన్నే పంపించాడు. నేను మాత్రం మొహం మాడ్చుకుని ఆ కొత్త టీవీ వైపు చూడనైనా చూడలేదు.

సోమవారం, బేరగాడు పలుపుతో రావలసిన రోజు, తెల్లవారుతుండగా మొహం కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్లాను. అమ్మ నన్ను చూడలేదు. గేదె డొక్కకు నుదురు ఆనించి పాలు పిండుతోంది, దానితో మెల్లగా ఏదో చెబుతోంది. తప్పేలలో పాలు పడే చప్పుడులో మొదట నాకు సరిగ్గా వినబడలేదు.

"ఆ గడ్డి ఎంత పచ్చగా ఉందనుకున్నావే," అంటోంది. "అంత పచ్చన నేను యాడా చూళ్లేదు. చానా బాగుందే ఆ రంగుల పెట్టె."